మోటారు సైకిలు ఇంజన్ ఆయిల్ మట్టం: తికమక పెట్టే కొలతలు

మోటారు సైకిలు ఇంజన్‌లో ఆయిల్ ఎంత ఉందో చూసుకోవడానికి సాధారణంగా రెండు సాధనాలుంటాయి. ఒకటి, ఆయిల్ పోసే మూతకే అంటుకుని ఉండే గేజు పుల్ల. రెండోది, ఇంజన్ పక్కన బిగించిన రూపాయి బిళ్లంత గాజు కిటికీ. రెండూ చూడడానికి చాలా తేలిక. అయినా మెకానిక్ షెడ్డు ముందు జరిగే వాదనల్లో ఈ పుల్ల మీద నడిచేవి తక్కువేమీ కాదు. నిన్న నిండుగా చూపిన గేజు ఇవాళ అడుగంటినట్టు చూపుతుంది. చుక్క పోయకపోయినా మట్టం పెరుగుతుంది. నెలల తరబడి కదలని మట్టం ఒక్క దూర ప్రయాణంతో అమాంతం పడిపోతుంది. వీటిలో కొన్ని ఇంజన్ జబ్బులు. ఎక్కువ మటుకు కొలిచిన చేతి పొరపాట్లు. ఏది ఏదో తేల్చుకునే పద్ధతి ఈ వ్యాస విషయం.

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా దక్షిణ భాగం, అంటే అహేరి, ఆలాపల్లి, నాగేపల్లి, సిరోంచ ప్రాంతం, ఈ విషయాన్ని పరిశీలించడానికి తగిన చోటు. తెలుగు, మరాఠీ, గోండి, మాడియా కలిసి వినిపించే ఈ అడవి నేలకు రైలు రాలేదు. జిల్లా మొత్తానికి రైలు స్టేషను ఉన్నది ఉత్తర కొసన వడసాలోనే. ఆలాపల్లి నుంచి సిరోంచకు సుమారు వంద కిలోమీటర్లు, టేకు అడవిలోంచి దారి. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే ఎండ, వానాకాలంలో పొంగే వాగులు, చలికాలపు తెల్లవారుజామున చిక్కబడే నూనె. ఆయిల్ మట్టాన్ని తారుమారు చేసే పరిస్థితులన్నీ ఒకే ఏడాదిలో ఇక్కడ ఎదురవుతాయి. పైగా బండి దారిలో ఆగితే తోసుకుపోయే దూరం చిన్నది కాదు కాబట్టి, గేజు చూసుకునే అలవాటు ఉన్నవాళ్లూ ఎక్కువే. అలవాటు మంచిదే. చూసే తీరులోనే తిరకాసు ఉంది.

గేజు కొలిచేది ఏమిటి

గేజు ఆయిల్ ఎంతుందో చెప్పదు. ఆ క్షణాన, ఆ ఒక్క చోట, నూనె పైఅంచు ఎంత ఎత్తులో ఉందో మాత్రమే చెబుతుంది. బావిలో తాడు వదిలి తడి ఎంతవరకు అంటిందో చూసినట్టన్న మాట. బావి నిటారుగానే ఉంటుంది, నీళ్లు కదలకుండా ఉంటాయి. బండి అలా కాదు. అది ఒరుగుతుంది, వేడెక్కుతుంది, నూనెను పైకి చిమ్మి లోపలి గోడలకు పూసుకుంటుంది.

మన రోడ్ల మీద తిరిగే చిన్న బండ్లలో చాలావాటికి ఆయిల్ ఇంజన్ అడుగునే నిలుస్తుంది. అదే నూనె క్రాంకుకు, పిస్టన్‌కు, గేర్లకు, క్లచ్ ప్లేట్లకు అన్నిటికీ పనిచేస్తుంది. 100 సీసీ బండికి పట్టేది లీటరుకు కాస్త తక్కువ. నూనె నిలిచే అడుగు పొడవు 15 సెంటీమీటర్లు, వెడల్పు 12 సెంటీమీటర్లు అనుకుంటే, మట్టంలో ఒక్క మిల్లీమీటరు తేడా అంటే 18 మి.లీ. నూనె. పుల్ల మీద పై గీతకూ కింది గీతకూ మధ్య దూరం చాలా బండ్లలో సెంటీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. అంటే మనం తగువు పడే తేడా అంతా కలిపితే ఒక టీ గ్లాసులో పట్టేంత. అంత చిన్న కొలతను తారుమారు చేయడానికి పెద్ద కారణం అక్కర్లేదు.

వేడి సంగతే చూద్దాం. ఇంజన్ ఆయిల్ ఒక్కో డిగ్రీ వేడికి తన పరిమాణంలో సుమారు పదివేలలో ఏడు వంతులు పెరుగుతుంది. 900 మి.లీ. నూనె 30 డిగ్రీల నుంచి 90 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు 38 మి.లీ. ఉబ్బుతుంది. పైన అనుకున్న అడుగులో అది రెండు మిల్లీమీటర్లు. దీనికి ఎదురుగా పనిచేసే సంగతి ఇంకొకటుంది. అప్పుడే ఆపిన ఇంజన్‌లో నూనె అంతా అడుగున ఉండదు. హెడ్‌లో, క్లచ్ ప్లేట్ల మధ్య, గోడల మీద అంటుకుని నెమ్మదిగా కిందికి జారుతుంటుంది. అందుకే ఆపిన వెంటనే చూస్తే తక్కువ, కాసేపు ఆగి చూస్తే ఎక్కువ. డిసెంబరు తెల్లవారుజామున 20డబ్ల్యూ50 రకం చిక్కటి నూనె జారడానికి ఇంకొంత టైము తీసుకుంటుంది. 10డబ్ల్యూ30కి అంతసేపు పట్టదు.

కొలతలో దొర్లే తప్పులు

అన్నిటికంటే మామూలుగా జరిగే తప్పు సైడ్ స్టాండ్. సైడ్ స్టాండ్ ఉండేది ఎడమవైపు. బండి ఎడమకు ఒరుగుతుంది, లోపలి నూనె అటే చేరుతుంది. హీరో, హోండా చిన్న బండ్లలో గేజు ఉండేది కుడివైపు క్లచ్ కవర్ మీద. పల్సర్ గాజు కిటికీ కూడా కుడివైపే. ఒరుగు పది డిగ్రీలు, మధ్యగీత నుంచి గేజుకు ఎనిమిది సెంటీమీటర్ల దూరం అనుకుంటే, గేజు దగ్గర నూనె పైఅంచు సుమారు 14 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. అంటే నిండుగా ఆయిల్ ఉన్న బండి కూడా కింది గీత కంటే తక్కువ చూపగలదు. “ఆయిల్ అయిపోయిందన్నా, పొయ్యి” అనే మాటకు చాలాసార్లు మూలం ఇదే.

ఆ మాట విని పోసేస్తే కథ మొదలవుతుంది. పావు లీటరు అదనంగా పడిన ఇంజన్‌లో తిరిగే భాగాలు నూనెను చిలుకుతాయి, నురగ లేస్తుంది. నూనె ఊపిరి గొట్టం గుండా ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోకి చేరుతుంది. అక్కడి నుంచి కార్బరేటర్ దారిన కాలి నీలం పొగ అవుతుంది. పొగ చూసినవాడు “రింగులు పోయాయి, బోర్ కొట్టించాలి” అంటాడు. సైడ్ స్టాండ్ మీద చూసిన ఒక్క చూపు బోర్ ఖర్చు దాకా తీసుకెళ్లిన బండ్లు ఉన్నాయి. పొగ బండి షెడ్డుకు రాగానే ఎయిర్ ఫిల్టర్ మూత విప్పి లోపల నూనె తడి ఉందా అని చూడడం, ఆ తర్వాత డబుల్ స్టాండ్ మీద మట్టం చూడడం, ఈ రెండూ అయ్యాకే ఇంజన్ విప్పే మాట ఎత్తడం మంచి మెకానిక్ లక్షణం.

డబుల్ స్టాండ్ వేసినా నేల సమంగా లేకపోతే లాభం లేదు. ముందు చక్రం వైపు పల్లముంటే ఒక రకం కొలత, వెనక్కి పల్లముంటే ఇంకో రకం. వాన నీరు పోవడానికి వాలు పెట్టిన ఇంటి వాకిలి, తారు రోడ్డు అంచు, రెండూ పనికిరావు. సీసాలో సగం నీళ్లు పోసి, మూత బిగించి, నేల మీద అడ్డంగా పెడితే వాలు అప్పుడే తెలిసిపోతుంది. డబుల్ స్టాండ్ లేని బండ్లను ఒకరు నిటారుగా పట్టుకుంటే ఇంకొకరు చూడాలి. ఒక్కరే ఉండి, కాళ్ల మధ్య బండి పట్టుకుని, మెడ వంచి కిటికీలోకి చూస్తే, తాము బండిని కొద్దిగా తమవైపు ఒరిగించిన సంగతి వాళ్లకే తెలియదు.

రెండో తప్పు మూత బిగించడం. హీరో, హోండా తరహా చిన్న బండ్లలో పుల్లను తుడిచి, మరలు తిప్పకుండా మూతను రంధ్రం మీద ఊరికే ఆనించి తీసి చూడాలి. మూత బిగిస్తే పుల్ల మరల లోతంత కిందికి దిగి, లేని నూనెను ఉన్నట్టు చూపుతుంది. మొత్తం బిగించి చూడమనే కంపెనీలు కూడా ఉన్నాయి. ఏది సరైనదని వాదించుకోవడంలో అర్థం లేదు. ఏ కంపెనీ ఏ తీరున కొలిచి గీతలు పెట్టిందో ఆ తీరే దానికి సరి. బండితో వచ్చిన పుస్తకం పెట్టెలో ఉంటే ఒక్కసారి తెరిచి చూసుకోవచ్చు. చాలా ఇళ్లలో ఆ పుస్తకం ఆర్‌సీ కాగితాలతో కలిసి బీరువాలో భద్రంగానే ఉంటుంది, విప్పినవాళ్లే ఉండరు.

పుల్ల చదవడంలోనూ ఒక కిటుకు ఉంది. రంధ్రం గోడలకు అంటిన నూనె పుల్ల తీసేటప్పుడు దాని ఒక పక్కన పూసుకుంటుంది. ఒక వైపు పై గీత దాటి, రెండో వైపు కింది గీత దగ్గర తడి కనిపిస్తుంది. రెండింటిలో తక్కువ చూపే వైపే నమ్మాలి. కొత్తగా మార్చిన ఆయిల్ తేనె రంగులో పల్చగా మెరుస్తూ పుల్ల మీద ఎక్కడ ఆగిందో కంటికి ఆనదు. పుల్లను ఒక పాత నోటుబుక్కు కాగితం మీద ఆనిస్తే తడి అచ్చు పడుతుంది, దాన్ని కొలుచుకోవచ్చు.

ఇక దొరకని తప్పు ఒకటుంది. పుల్లే వేరేది కావడం. మూత విరిగిందనో, ఎక్కడో పడిపోయిందనో, వేరే మోడల్ బండి మూత తెచ్చి బిగిస్తారు. మర సరిపోతుంది, పుల్ల పొడవు మాత్రం కొన్ని మిల్లీమీటర్లు తేడా. మూత కింది రబ్బరు రింగు మందంగా ఉన్నా, అసలే లేకపోయినా ఇదే గొడవ. సెకండ్ హ్యాండ్ బండి కొన్న నాటి నుంచీ “దీనికి ఎంత పోసినా తక్కువే చూపిస్తుంది” అనేవాళ్లు మొదట అనుమానించాల్సింది ఈ మూతనే. తీర్చుకునే మార్గం సులువు. పుస్తకంలో చెప్పిన కొలత ప్రకారం ఆయిల్ మార్చినప్పుడు పుల్ల ఎక్కడ తడిసిందో చూసి, అక్కడ ఆకురాయితో ఒక గీత గీసుకుంటే చాలు. ఆ బండికి ఆ గీతే ప్రమాణం.

ఆయిల్ మార్చిన రోజే తికమక పడేవాళ్ల సంగతి వేరు. పుస్తకాల్లో రెండు కొలతలుంటాయి. ఇంజన్ పూర్తిగా విప్పి బిగించినప్పటిది ఒకటి, ఊరికే పాత ఆయిల్ దించి పోసినప్పటిది ఇంకొకటి. రెండోది తక్కువ, ఎందుకంటే దించినా కొంత పాత నూనె లోపలే మిగిలిపోతుంది. ఇది గమనించకుండా లీటరు డబ్బా మొత్తం వంచేస్తే మట్టం పై గీత దాటుతుంది. పోసిన వెంటనే చూసి, తర్వాత ఒకసారి బండి స్టార్టు చేసి చూస్తే మళ్లీ తక్కువ. నూనె అప్పుడే ఫిల్టర్‌నూ దారులనూ నింపుకుని ఉంటుంది.

ఇన్ని తప్పుల్లోంచి బయటపడే దారి ఒకటే. ఒకే చోట, ఒకే స్టాండ్ మీద, ఒకే వేడిలో కొలవడం. చాలా చిన్న బండ్లకు సరిపోయే తీరు ఇది: రెండు మూడు నిమిషాలు ఇంజన్ నడిపి ఆపాలి, మళ్లీ రెండు మూడు నిమిషాలు ఆగాలి, అప్పుడు చూడాలి. తేడా కనిపించినప్పుడు వెంటనే ఆయిల్ డబ్బా అందుకోకుండా, మర్నాడు అదే తీరున ఇంకోసారి చూడాలి. రెండు చూపులూ ఒకటే చెబితే అప్పుడు ఇంజన్ వైపు వెళ్లొచ్చు.

గాజు కిటికీ మాయ

గాజు కిటికీ ఉన్న బండ్లకు ఒక ప్రత్యేక మాయ ఉంది. ఆయిల్ పూర్తిగా ఎక్కువైనా, పూర్తిగా తక్కువైనా కిటికీ ఒకే తీరున కనిపిస్తుంది. గీత ఎక్కడా ఉండదు. కొత్త నూనె పల్చటి రంగులో ఉంటే ఖాళీ అనిపిస్తుంది. నల్లబడ్డ నూనె మరక గాజుకు పట్టి ఉంటే ఖాళీ ఇంజన్ కూడా నిండుగా కనిపిస్తుంది. బండిని మెల్లగా అటూ ఇటూ ఒరిగిస్తే ఎక్కడో ఒకచోట నూనె అంచు కిటికీ దాటుతూ కనిపించాలి. కిటికీ వైపుకే ఒరిగించినా అంచు రాకపోతే నిజంగానే తక్కువ. ఎదురు వైపుకు ఒరిగించినా ఖాళీ కనపడకపోతే ఎక్కువ. ఎంత ఊపినా ఏమీ మారకపోతే అది గాజు మరక.

పోయకుండానే పెరిగే మట్టం

పద్ధతి సరిచూసుకున్నాక కూడా మట్టం పెరుగుతోందంటే, లోపలికి వేరే ద్రవం ఏదో చేరుతోంది. తగ్గే మట్టం కంటే దీనికే ఎక్కువ భయపడాలి. “ఆయిల్ నిండుగానే ఉందిలే” అన్న ధీమాతో పల్చబడ్డ నూనె మీద ఇంజన్ నడుస్తుంటుంది.

మొదటి అనుమానితుడు పెట్రోలు. కార్బరేటర్ బండ్లలో ఫ్లోట్ సూదికి చెత్త అడ్డం పడినా, అరిగినా, పెట్రోలు ఆగకుండా వస్తూనే ఉంటుంది. మామూలుగా అది పొంగు గొట్టం గుండా నేల మీద కారి వాసనతో తనే పట్టిస్తుంది. ఆ గొట్టం మట్టితో మూసుకుపోతే మాత్రం ఇంజన్‌లోకే దిగుతుంది. రాత్రిపూట పెట్రోలు కాక్ మూయని అలవాటు ఇక్కడ దెబ్బ తీస్తుంది. వారం రోజులు ఊరికి వెళ్లి వచ్చి చూస్తే గేజు అర సెంటీమీటరు ఎక్కువ చూపుతుంది. మూత తీసి వాసన చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. మిగతా సగం వార్తా కాగితం చెబుతుంది. పుల్ల నుంచి ఒక చుక్క కాగితం మీద వేస్తే, మంచి నూనె చుక్క నెమ్మదిగా గుండ్రంగా ఒత్తుగా పాకుతుంది. పెట్రోలు కలిసినది చుట్టూ పల్చటి తడి వలయాన్ని గబగబా విడుస్తుంది. పక్కన కొత్త ఆయిల్ చుక్క ఒకటి వేసి పోల్చుకోవాలి. నిప్పు పెట్టి చూద్దామనేవాళ్లను మాత్రం దూరంగా ఉంచాలి.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త బండ్లలో కార్బరేటర్ దాదాపు కనుమరుగై ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. ఈ జబ్బు తగ్గింది. అయితే పల్లెల్లో తిరిగే బండ్లలో అంతకు ముందువి ఇంకా చాలా ఉన్నాయి.

బంకు దూరమైన ఊళ్లలో కిరాణా కొట్టు ముందు సీసాల్లో పెట్టి అమ్మే పెట్రోలు ఇంకో కారణం కావచ్చు. అందులో కిరోసిన్ కలిస్తే పూర్తిగా కాలదు. కాలనిది పిస్టన్ రింగుల పక్కనుంచి జారి ఆయిల్‌లో చేరుతుంది. పెట్రోలు వేడికి ఎగిరిపోతుంది కానీ, కిరోసిన్ అంత తొందరగా పోదు. రేషను కిరోసిన్‌కు నీలం రంగు కలుపుతారు. సీసాను ఎండకు పట్టి చూసి నీలం ఛాయ కనిపెట్టే కళ్లు పాత డ్రైవర్లకు ఉండేవి.

రెండో అనుమానితుడు నీళ్లు. గాలితో చల్లబడే ఇంజన్‌లో లోపల నీటి దారి అంటూ ఏదీ లేదు. కాబట్టి నీళ్లు వస్తే బయటి నుంచే రావాలి. ప్రాణహిత గోదావరిలో కలిసేది సిరోంచ దగ్గరే. 2022 జులై వరదల్లో తాలూకాలోని నదీతీర గ్రామాలు మునిగాయి. అలాంటి నీళ్లలో నిలిచిన బండికి ఎయిర్ ఫిల్టర్ నుంచి, ఊపిరి గొట్టం నుంచి, సైలెన్సర్ నుంచి నీరు ఎక్కుతుంది. వరదే అక్కర్లేదు. వేడి ఇంజన్‌ను పొంగే వాగులోకి దించితే లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి కుంచించుకుంటుంది, పాత రబ్బరు రింగు పక్కనుంచి నీటిని లోపలికి పీల్చుకుంటుంది. ఇలాంటి బండి పుల్ల మీద నూనె పాల టీ రంగులో కనిపిస్తుంది.

అయితే పాల టీ రంగు మూత కింద మాత్రమే ఉండి పుల్ల శుభ్రంగా ఉంటే కంగారు పడనక్కర్లేదు. చలికాలంలో రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే తిరిగి ఆగే బండ్లలో ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. లోపలి ఆవిరి మూత దగ్గర చెమ్మగా పట్టి నూనెతో కలిసి నురగలా మారుతుంది. ఒక గంట ఏకబిగిన నడిపితే అదే పోతుంది. డ్యూక్, ఆర్15 లాంటి నీళ్లతో చల్లబడే బండ్లకు ఈ మాట వర్తించదు. వాటి లోపల కూలెంట్ ఉంటుంది, వాటర్ పంపు సీల్ గానీ హెడ్ ప్యాకింగ్ గానీ పోతే అది ఆయిల్‌లోకి చేరగలదు. అక్కడ పాల రంగు కనబడితే బండి స్టార్టు చేయకూడదు.

నీళ్లో కాదో తేల్చడానికి ఒక పాత ఉపాయం ఉంది. బండిని రాత్రంతా కదపకుండా ఉంచాలి. నీళ్లు నూనె కంటే బరువు కాబట్టి, పూర్తిగా చిలికి కలిసిపోని నీరు అడుగుకు చేరుతుంది. పొద్దున్నే ఇంజన్ కింది డ్రెయిన్ నట్టును పానాతో కొద్దిగా మాత్రమే వదులు చేసి, కింద గాజు గ్లాసు పెట్టాలి. ముందుగా జారేది నీళ్లయితే గ్లాసు అడుగున స్వచ్ఛంగా కనిపిస్తుంది, దాని మీద నల్లటి నూనె తేలుతుంది. ఆ తర్వాత ఆయిల్ మొత్తం దించి, కొత్తది పోసి, కొద్దిసేపు నడిపి, దాన్నీ దించి మళ్లీ పోయాలి. రెండు డబ్బాల ఖర్చు ఎక్కువే. బేరింగుల ఖర్చుతో పోలిస్తే కాదు.

బండి ఆయిల్ తాగుతోంది

మట్టం తగ్గడానికి రెండే దారులు. కారడం, కాలడం. కారేది కనిపెట్టడం సులువనిపిస్తుంది కానీ, నడిచే బండి కింద గాలి నూనెను వెనక్కి పూస్తుంది. కారే చోటు ఒకటి, తడి కనిపించే చోటు మరొకటి. ఇంజన్‌ను కడిగి ఆరబెట్టి, అనుమానమున్న చోట్ల ముఖానికి రాసే పౌడరు చల్లి, పది కిలోమీటర్లు తిరిగి వస్తే మొదట ఎక్కడ తడిసిందో తెలుస్తుంది. మామూలుగా కారే చోట్లు గేరు రాడ్డు సీల్, చైను తిప్పే ముందు పళ్లచక్రం వెనక సీల్, ట్యాపెట్ మూత రింగులు, డ్రెయిన్ నట్టు వాషరు. చైనుకు రాసిన ఆయిల్ ఎగిరి పడ్డ మరకను ఇంజన్ కారడంగా లెక్కకట్టిన సందర్భాలూ ఉంటాయి.

కాలడానికి గుర్తు నీలం పొగ. అది ఎప్పుడు వస్తుందో చూస్తే ఏది పోయిందో చాలావరకు తెలుస్తుంది. పొద్దున్నే స్టార్టు చేయగానే ఒక మబ్బులా వచ్చి పోతే, లేదా ఘాట్ రోడ్డు దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తిప్పగానే వస్తే వాల్వు సీళ్లు. లోడుతో ఎక్కేటప్పుడు, యాక్సిలరేటర్ తిప్పుతున్నంతసేపూ వస్తే రింగులు, బోరు. మొదటిది చిన్న పని, రెండోది పెద్ద పని. చూడాల్సిన వేళ చూడకుండా షెడ్డు ముందు ఊరికే రేస్ చేసి తీర్పు చెప్పేస్తే చిన్న పని పెద్ద బిల్లుగా మారుతుంది.

పొగా లేదు, తడీ లేదు, అయినా మట్టం పడిపోయింది అనేది అన్నిట్లోకీ చిక్కు ప్రశ్న. బండి ఊళ్లోనే నెలల తరబడి తిరుగుతుంది, మట్టం వెంట్రుకంత కూడా కదలదు. ఒక రోజు సిరోంచ దాకా, అక్కడి నుంచి వంతెన దాటి కాళేశ్వరం దాకా వెళ్లొస్తారు. మర్నాడు చూస్తే గేజు సగానికి దిగింది. ఇంజన్ ఆ ఒక్కరోజే ఆయిల్ తాగిందని అనుకుంటారు. చాలాసార్లు జరిగింది వేరు. దగ్గర దూరాల ప్రయాణాల్లో చల్లటి ఇంజన్ చోక్ మీద నడిచినప్పుడల్లా కాలని పెట్రోలు కొంత కొంత ఆయిల్‌లో చేరింది. అదే సమయంలో ఆయిల్ కొంత కొంత కాలింది. రాబడీ ఖర్చూ సమానమై మట్టం కదల్లేదు. దూర ప్రయాణంలో ఇంజన్ బాగా వేడెక్కి చేరిన పెట్రోలు ఆవిరైంది, నెలల లోటు ఒక్కసారిగా బయటపడింది. కదలని మట్టం ఆరోగ్యానికి గుర్తు కాకపోవచ్చుననడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. ఇలాంటి బండికి ఆయిల్ మార్చే గడువు కిలోమీటర్లతో కాక నెలలతో లెక్కపెట్టుకోవాలి.

పాత బుల్లెట్ లెక్క వేరు

పైన చెప్పినదంతా ఆయిల్ ఇంజన్ అడుగున నిలిచే బండ్ల గురించి. 1955లో మద్రాసులో తయారీ మొదలైన రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ పాత కాస్ట్ ఐరన్ ఇంజన్ ఈ తరగతిలోకి రాదు. దాని ఆయిల్ ట్యాంకు ఇంజన్ పోతలోనే, క్రాంకు గది వెనక వేరే అరగా ఉంటుంది. పట్టే నూనె రెండు లీటర్లకు పైనే. ఒక పంపు ట్యాంకులోంచి నూనెను ఇంజన్‌కు పంపుతుంది, ఇంకో పంపు క్రాంకు గది అడుగున చేరినదాన్ని తిరిగి ట్యాంకులోకి తోడుతుంది. గేజు కొలిచేది ట్యాంకునే.

బండి నిలిపి ఉంచినప్పుడు అరిగిన పంపు పక్కనుంచి నూనె మెల్లగా క్రాంకు గదిలోకి దిగుతుంది. పది రోజుల తర్వాత గేజు అడుగంటుతుంది. ఇంజన్‌లో ఆయిల్ పోలేదు, పక్క గదిలోకి మారింది. తెలియక మళ్లీ నింపి కిక్కు కొడితే, తోడే పంపు ఆ దిగిన నూనెను కూడా ట్యాంకులోకి తెస్తుంది, ట్యాంకు పొంగి ఊపిరి గొట్టం నుంచి నేల మీద పడుతుంది. మొదటి ఐదు నిమిషాలు తెల్లగా, నీలంగా పొగ మబ్బు. అందుకే ఈ బండిని నడిపిన తర్వాతే కొలవాలి, నిలిపి ఉంచి కాదు. బ్రిటిష్ నార్టన్ కమాండో సహా వేరే ట్యాంకు ఉన్న పాత బండ్లలో చాలావాటికి ఈ గుణం ఉంది. బుల్లెట్‌లో గేరు పెట్టె నూనె, క్లచ్ చైను నూనె కూడా వేరు వేరు. స్ప్లెండర్ అలవాటుతో ఒక్క మూత తీసి చూసి అంతా బాగుందనుకుంటే మిగతా రెండూ ఎండిపోతాయి.

టూ స్ట్రోక్ బండ్లది ఇంకో లోకం. రాజ్‌దూత్‌లో ఆయిల్‌ను పెట్రోలులోనే కలిపి పోసేవాళ్లు. 1985లో వచ్చిన ఆర్ఎక్స్100లో ఆయిల్‌కు వేరే డబ్బా, దాన్ని కొద్దికొద్దిగా పంపే పంపు ఉన్నాయి. ఆ డబ్బా మట్టం తగ్గడమే ఆరోగ్యం. తగ్గకపోతే పంపు ఆగిందన్న మాట, పిస్టన్ పట్టేయడానికి ఎక్కువ దూరం లేదు. తగ్గకూడనిది గేరు పెట్టె నూనె. అది తగ్గుతూ పొగ పెరుగుతుంటే క్రాంకు సీల్ పోయి ఇంజన్ ఆ నూనెను పీలుస్తోందని అర్థం.

మొదటి కాలపు మోటారు సైకిళ్లలో కొలిచే గొడవే లేదు. నడిపేవాడు కొన్ని మైళ్లకొకసారి చేతి పంపు నొక్కి ఇంజన్‌లోకి ఆయిల్ పంపేవాడు, అది కాలి, కారి పోయేది, తిరిగి రావడమన్నది ఉండేది కాదు. పొగ పల్చబడితే ఇంకో నొక్కు. నూనె తిరిగి తిరిగి వాడుకునే ఇంజన్లు వచ్చాకే మట్టం అనే ప్రశ్న పుట్టింది. 1985లో హీరో హోండా సీడీ100, 1994లో స్ప్లెండర్ వచ్చి నాలుగు స్ట్రోకుల బండి పల్లెటూరి వాహనమయ్యాక, గేజు పుల్ల తుడిచే గుడ్డముక్క ప్రతి ఇంట్లోకీ చేరింది.

తేల్చలేనప్పుడు

గేజును నమ్మలేని స్థితి వస్తే ఒక్కటే మార్గం మిగులుతుంది. దించి కొలవడం. వేడి ఇంజన్‌ను డబుల్ స్టాండ్ మీద నిలిపి, నట్టు విప్పి, చివరి చుక్క దాకా ఆగి, దించిన నూనెను లీటరు నీళ్ల సీసాలో పోసి చూస్తే ఎత్తుతో పని లేకుండా పరిమాణమే తెలుస్తుంది. 800 మి.లీ. పోసిన చోట 750 వస్తే మామూలే. 500 వస్తే కాలుతోంది, కారుతోంది. 900 వస్తే ఏదో కలుస్తోంది. సీసాను రెండు రోజులు కదపకుండా ఉంచితే నీళ్లుంటే అడుగున విడిపోతాయి, ఆ నూనెలో అయస్కాంతం తిప్పితే ఇనప రజను ఉందో లేదో తెలుస్తుంది.

సీసా చూడడం అయ్యాక ఆ నల్లటి నూనెను పారబోసేవాళ్లు తక్కువ. ఎడ్లబండి ఇరుసుకు పూస్తారు, చెదలు పట్టకుండా పందిరి గుంజలకు, పశువుల కొట్టం దూలాలకు రాస్తారు. లోహపు రజను, కాలిన మసి కలిసిన ఆ నూనె చేతులకు, బావి నీటికి మంచిది కాదు. రాసేటప్పుడు చేతికి పాలిథిన్ సంచి తొడుక్కోవాలి, బావి గట్టుకు దూరంగా పెట్టుకోవాలి.